పడవ కప్పు మీద ఎండ లెక్క

మేం పడవలో ఉంటామని చెప్పగానే మనవాళ్ళు ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న బాత్రూం గురించి. దానికి జవాబు విన్నాక కాస్త ఆగి అడిగే రెండో ప్రశ్న, "మరి కరెంటో?" మొదటిదాని గురించి రాసే ఓపిక నాకు లేదు. రెండోదాని గురించి మాత్రం గంటల తరబడి మాట్లాడగలను. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే మా ఆయన ముందే కాళ్ళమీద పడి దణ్ణం పెడతాడు, ఆ ఊసెత్తొద్దని.

లండన్ చుట్టుపక్కల కాలవల్లో తిరిగే నారోబోట్ మాది. పొడవు 57 అడుగులు, వెడల్పు ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. రైలు పెట్టె ఇంతకంటే చాలా విశాలం. పడవ కట్టుకోవడానికి మాకంటూ శాశ్వతమైన చోటు లేదు. అలాంటివాళ్ళు ఒకచోట 14 రోజులకు మించి ఉండకూడదని 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం చెబుతుంది. రెండు వారాలకోసారి తాళ్ళు విప్పుకుని, లాకులు దాటి, ఇంకో గట్టు చూసుకోవాలి. (లాకులు అన్న మాట కృష్ణా డెల్టా వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. దుగ్గిరాల లాకుల మీద నిలబడి నీళ్ళు చూసినవాళ్ళకి ఇక్కడి లాకులు బొమ్మల్లా కనిపిస్తాయి.) ఇలా తిరిగేవాళ్ళకి గట్టు మీద కరెంటు స్తంభం నుంచి వైరు లాక్కునే యోగం ఉండదు. ఎవరి కరెంటు వాళ్ళే పుట్టించుకోవాలి.

పడవల్లో ఉండే ఇంగ్లీషు ముసలాళ్ళకి ఇది పెద్ద సమస్య కాదు. నాలుగు ఎల్ఈడీ బల్బులు, నీళ్ళ పంపు, ఒక ఫోను, ఒక రేడియో. వంట గ్యాసు మీద, వెచ్చదనం బొగ్గుల పొయ్యి నుంచి. రోజుకి ఒక యూనిట్ కూడా కాదు. కప్పు మీద రెండు ప్యానెళ్ళు పెట్టుకుని హాయిగా ఉంటారు. మా సంగతి అలా కాదు. నేను ఇంటి నుంచే పని చేస్తాను, ల్యాప్‌టాప్ కాక రెండు మానిటర్లు. మా ఆయనకి వంట పిచ్చి, అందులోనూ ఇండక్షన్ పొయ్యి పిచ్చి. ఇడ్లీ పిండికి గ్రైండర్, పచ్చళ్ళకి మిక్సీ, అన్నానికి కుక్కర్, వారానికి రెండుసార్లు వాషింగ్ మెషీన్. పడవలో కాపురం పెట్టాం గాని తిండీ బట్టా తగ్గించుకుంటామని ఎవరికీ మాటివ్వలేదు.

నేను చదివింది ఈసీఈ, చేసేది డేటాబేసుల ఉద్యోగం. సర్వర్లు ఎన్ని కావాలో లెక్క కట్టడం నా జీతంలో భాగమే. అక్కడ నేర్చుకున్నది ఒకటుంది: లెక్క ఖర్చు దగ్గర మొదలుపెట్టాలి. "కప్పు మీద ఎన్ని ప్యానెళ్ళు పడతాయి" అని మొదలుపెడితే తేలదు. పడవ కొనే ముందు అద్దె ఫ్లాట్‌లో ఉండగానే సాకెట్‌కి తగిలించే చిన్న వాట్ మీటరు కొన్నాను. రెండు వారాలు ఇంట్లో ప్రతి వస్తువూ దాని గుండానే నడిచింది. రోజువారీ ఖర్చు ఇలా తేలింది: నా ఆఫీసు సరంజామా తొమ్మిది గంటలకి ఒక యూనిట్. ఇండక్షన్ పొయ్యి ఒకటీ పాతిక. ఫ్రిజ్ అర. రైస్ కుక్కర్ 0.3. రౌటర్ పది వాట్లే, కానీ రోజంతా ఉంటుంది కాబట్టి పావు యూనిట్. దీపాలు, పంపు, ఫోన్లు కలిపి 0.2. వాషింగ్ మెషీన్ వారానికి రెండుసార్లన్నది రోజుకి పంచితే ఇంకో 0.2.

మరి మిక్సీ, గ్రైండర్? అందరూ భయపడేది వాటికే. మిక్సీ 750 వాట్లు, పడవంతా దద్దరిల్లేలా అరుస్తుంది. కానీ నడిచేది ఐదు నిమిషాలు. గ్రైండర్ ముప్పావుగంట తిరిగినా 150 వాట్లే. రెండూ కలిపి 0.18 యూనిట్ దాటవు. అసలు దొంగ వేరే ఉంది. బ్యాటరీలోని డీసీని ఇంట్లో వాడే 230 వోల్టుల ఏసీగా మార్చే ఇన్వర్టర్, ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉంటేనే ఇరవై వాట్ల దాకా తాగుతుంది. చప్పుడు ఉండదు, వేడి ఉండదు, రోజు తిరిగేసరికి అర యూనిట్ మాయం. ఫ్రిజ్ తిన్నంత. ఇంట్లో అరిచేవాళ్ళని కాక మాట్లాడకుండా కూర్చున్నవాళ్ళని గమనించమని మా అమ్మమ్మ అనేది, ఆవిడ ఉద్దేశం వేరైనా.

మొత్తం కూడితే రోజుకి నాలుగు యూనిట్ల పైన ఇంకో పావు, కొంచెం అటూ ఇటూ.

ఇన్వర్టర్ ఎంత పెద్దది కావాలన్నది వేరే లెక్క. అక్కడ యూనిట్లతో పనిలేదు, ఒకేసారి ఎన్ని వాట్లు లాగుతామన్నదే ప్రశ్న. ఇండక్షన్ పొయ్యి 2000 వాట్ల మీద ఉండగా అన్నం కుక్కర్ కూడా వేస్తే 2700. అందుకని 3000 వాట్లది. ఇక్కడే 12 వోల్టులా 24 వోల్టులా అన్న పేచీ వచ్చింది. పడవల్లో అందరూ 12 వోల్టులే వాడతారు, దీపాలూ పంపులూ అన్నీ దానికే దొరుకుతాయి. ఫోన్లో నాన్నకి చెప్పాను. నాన్న తెనాలి దగ్గర కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాడు.

"మూడు వేల వాట్లు పన్నెండు వోల్టుల మీదంటే ఎన్ని ఆంపులు?" అన్నాడు.

"రెండొందల యాభై."

"ఇరవైనాలుగు మీదైతే అందులో సగం. వైర్లో పోయే నష్టం నాలుగో వంతుకి దిగుద్ది. ఊళ్ళోకి పదకొండు కేవీ లైను ఎందుకేస్తారనుకున్నావు తల్లీ, సరదాకా?"

ఇంజనీరింగ్ నాలుగేళ్ళు చదివిన నాకు అంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు. 24 వోల్టులే పెట్టాం. పంపుకీ దీపాలకీ 12 కి తగ్గించే చిన్న కన్వర్టర్ వేశాం.

ఇక ఎండ. కప్పు మీద గాలి గొట్టాలు, పొగ గొట్టం, లాకుల దగ్గర మనిషి నడిచే దారి వదిలేస్తే 330 వాట్ల ప్యానెళ్ళు ఆరు పట్టాయి, వరసగా పొడుగ్గా. దగ్గరదగ్గర రెండు కిలోవాట్లు. మూడు జతలు చేసి ఒక్కో జతకి ఒక్కో ఎంపీపీటీ కంట్రోలర్ పెట్టాం. ఆరూ ఒకే దండలో గుచ్చితే చవక, కానీ కాలవ గట్టు నిండా చెట్లు. ఒక ప్యానెల్ మీద కొమ్మ నీడ పడితే దాని తోటివి కూడా నీరసించిపోతాయి. విడివిడిగా ఉంటే కష్టం ఆ జతతోనే పోతుంది. చలి దేశంలో చూసుకోవాల్సింది ఇంకోటుంది. చల్లబడేకొద్దీ ప్యానెల్ వోల్టేజి పెరుగుతుంది. రెండు ప్యానెళ్ళ జత మామూలుగా 82 వోల్టులు చూపిస్తే, గడ్డకట్టే ఉదయం 90 దాకా పోతుంది. కంట్రోలర్ 100 వోల్టుల దాకా తట్టుకునేది కాబట్టి సరిపోయింది. మూడో ప్యానెల్ ఆ దండలో కలిపితే కాలిపోయి ఉండేది.

జూన్‌లో ఈ రెండు కిలోవాట్లు రోజుకి ఎనిమిది యూనిట్లు ఇస్తాయి. వాడగా మిగిలిన దాంతో నీళ్ళు కాచుకుంటాం. 55 లీటర్ల నీళ్ళు కాగడానికి రెండున్నర యూనిట్లు, అది పోయినా ఇంకా మిగులుతుంది. సాయంత్రం తొమ్మిదిన్నరకి కూడా వెలుతురుంటుంది, పిండి రుబ్బుకుంటూ కూర్చుంటాను, రాణీగారిలా ఉంటుంది. మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఎండా మేమూ సమానం. అక్టోబరులో అప్పు మొదలు. డిసెంబరులో రోజు మొత్తానికి ఒక యూనిట్ కూడా కష్టం.

నాన్న దీన్ని నమ్మలేదు. ప్రభుత్వం సూర్యఘర్ సబ్సిడీ ఇస్తోందని ఆయన కూడా మా ఇంటి డాబా మీద మూడు కిలోవాట్లు పెట్టించుకున్నాడు. రోజుకి పన్నెండు యూనిట్ల దాకా వస్తాయి, చలికాలం కూడా పెద్దగా తేడా ఉండదు. "మూడింటికి పన్నెండొస్తుంటే రెండింటికి ఒకటొస్తుందేంటి? ఎవడో నాసిరకం అంటగట్టాడు నీకు." ప్యానెళ్ళ తప్పు కాదు, భూమి వంపు తప్పు. తెనాలిలో డిసెంబరు మిట్టమధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. లండన్‌లో 15. అంటే మధ్యాహ్నం పన్నెండుకి కూడా మన దగ్గర సాయంత్రం ఐదు దాటినట్టు ఉంటుంది. పగలు ఎనిమిది గంటలకి పది నిమిషాలు తక్కువ. అది కూడా మబ్బు లేకపోతే. ప్యానెళ్ళు కప్పు మీద బల్లపరుపుగా పడుకుని ఉంటాయి కాబట్టి ఆ ఏటవాలు ఎండ వాటి మీద నుంచి జారిపోతుంది. వాటిని లేపి దక్షిణం వైపు వంచితే కొంత లాభమే. కానీ ప్రతి వంతెన ముందూ దించాలి, పడవ దిక్కు మారినప్పుడల్లా తిప్పాలి, గాలికి కాపలా కాయాలి. ఉద్యోగం మానుకుంటే చేయొచ్చు.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాల్సింది సగటుతో. ఏడాది మొత్తం ఎండని 365తో భాగిస్తే మా ప్యానెళ్ళ రాబడి రోజుకి నాలుగున్నర యూనిట్లకి కాస్త తక్కువ. మా ఖర్చుకి అచ్చంగా సరిపోయింది! కాగితం మీద ఇంతకంటే అందమైన లెక్క ఉండదు. ఏటి సగటు లోతు నడుము దాకానే అని దిగినవాడి కథలాంటిది. మరి పెద్ద బ్యాటరీ కొంటే? మాది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 280 ఆంపవర్ల సెల్స్ ఎనిమిది, ఏడు యూనిట్ల పైన పడుతుంది. మబ్బు పట్టిన రెండు రోజులు గట్టెక్కిస్తుంది. చలికాలం లోటు రోజుకి మూడు యూనిట్ల చొప్పున మూడు నెలలకి 270 యూనిట్లు. జూన్ ఎండని డిసెంబరుకి దాచే బ్యాటరీ పడవలో పట్టదు, పట్టినా పడవ మునుగుతుంది. ఉద్యోగంలోనూ ఇదే చెప్తాను, డిస్కు పెంచితే సరుకు దాచుకోవచ్చు గాని అసలు సరుకు రాకపోతే ఏం దాస్తారని.

అందుకని చలికాలం ఇంజనే దిక్కు. ఇంజన్ మీద ఇంటి బ్యాటరీ కోసం విడిగా ఒక 24 వోల్టుల ఆల్టర్నేటర్ ఉంది. లిథియం బ్యాటరీ ఎంతిస్తే అంతా లాగేస్తుంది కాబట్టి ఆల్టర్నేటర్ వేడెక్కి మాడిపోకుండా, వేడి చూసుకుంటూ కళ్ళెం వేసే రెగ్యులేటర్ పెట్టాం. అలా కళ్ళెం వేశాక గంటకి 1.2 యూనిట్లు. రోజుకి రెండున్నర గంటలు ఇంజన్ నడిపితే మూడు యూనిట్లు. డీజిల్ ఖర్చే, కానీ స్నానానికి వేడినీళ్ళు కూడా అందులోనే వచ్చేస్తాయి. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా మాత్రం ఇంజన్ ముట్టుకోకూడదు, పక్క పడవలవాళ్ళ నిద్ర కోసం.

ఈ ఏర్పాటుతో రెండు చలికాలాలు బాగానే గడిచాయి. మూడో చలికాలానికి నాన్న వస్తానన్నాడు.

అమ్మ పోయి అప్పటికి పది నెలలు. ఒక్కడే ఉంటున్నాడు. నాన్నకి నిద్రలో ఊపిరి ఆగే జబ్బుంది, రాత్రంతా మాస్కు పెట్టుకుని సీప్యాప్ మెషీన్ మీద పడుకోవాలి. ఒక్క రాత్రి కూడా మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. బెంగళూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వూ బావా పడవలో ఉండండి, తెప్ప మీద ఉండండి, నాకనవసరం. నాన్నని కరెంటు లేనిచోట పడుకోబెడతావా? అర్ధరాత్రి అది ఆగిపోతే?" వాడి మాట కాదనడానికేం లేదు. మూడు నెలలకి ఫ్లాట్ తీసుకోవడమో, పడవ అమ్మేయడమో అన్నదాకా వచ్చింది మా ఇద్దరి మధ్య మాట.

అప్పుడు మళ్ళీ లెక్క వేశాను, ఈసారి వేరేలా. ఏది ఎన్ని యూనిట్లు తింటుందని కాక, ఏది ఆగితే ఏమవుతుందని రాసుకున్నాను. ఇండక్షన్ ఆగితే మా ఆయన మొహం మాడుతుంది. నా మానిటర్లు ఆగితే ల్యాప్‌టాప్ ఒక్కదాని మీద పని చేస్తాను. సీప్యాప్ తినేది చూస్తే, తేమ కోసం నీళ్ళు వెచ్చబెట్టే హీటర్‌తో సహా రాత్రికి 0.3 యూనిట్. మొత్తంలో ఏ మూలకీ రాదు, కానీ ఆగకూడనిది అదొక్కటే. నాన్న మెషీన్ లోపల నడిచేది 24 వోల్టుల డీసీతోనే. బ్యాటరీ డీసీని ఇన్వర్టర్‌లో ఏసీ చేసి, మళ్ళీ అడాప్టర్‌లో డీసీ చేయడం ఎందుకు? మంచం కింద 50 ఆంపవర్ల చిన్న లిథియం బ్యాటరీ ఒకటి విడిగా పెట్టాను. 1.28 యూనిట్లు. దాని నుంచి వోల్టేజి నిలకడగా ఉంచే కన్వర్టర్, దాని నుంచి మెషీన్. పెద్ద బ్యాటరీ దీన్ని నింపుతుంది గాని దీన్నుంచి ఏదీ తీసుకోలేదు. ఇన్వర్టర్ కాలినా, పెద్ద బ్యాటరీ ఖాళీ అయినా, నాలుగు రాత్రులు గడుస్తాయి. నలభై శాతానికి పడితే మా పడక దగ్గర అలారం మోగుతుంది. ఈ బొమ్మంతా గీసి తమ్ముడికి పంపాను. వాడూ ఇంజనీరే, మెకానికల్. ఒక రోజంతా చూసి "సరే" అని ఒక్క ముక్క పంపాడు.

నాన్న వచ్చిన మొదటి రోజు కాలవ గట్టు చూసి, చిన్నప్పుడు మా ఊరి కాలవలో పడవకి తాడు కట్టి గట్టు మీద మనుషులు లాక్కెళ్ళేవాళ్ళని చెప్పాడు. ఇక్కడ గుర్రాలు లాగేవని మా ఆయన చెప్తే, "గుర్రాలకి మేతెయ్యాలిగా, మావాళ్ళకి అదీ లేదు" అన్నాడు. రెండో రోజు నుంచి బ్యాటరీ డిస్‌ప్లే ముందు కుర్చీ వేసుకున్నాడు. గ్రైండర్ చూసి, "రోలు కొనుక్కుంటే పోయేదిగా" అన్నాడు. పడవ అడుగున బరువు కోసం ఎలాగూ రాళ్ళు పేర్చి ఉంటాయి, రోలొకటి ఎక్కువైతే నష్టమేం లేదని మా ఆయన కూడా వత్తాసు పలికాడు.

డిసెంబరు 27 సాయంత్రం, గ్రాండ్ యూనియన్ కాలవ మీద రిక్‌మన్స్‌వర్త్ దాటి ఉన్నాం. ఇంజన్ గదిలోంచి కీచుమని అరుపు, రబ్బరు కాలిన వాసన. ఆల్టర్నేటర్ బేరింగ్ పట్టేసింది. దాని బెల్టు తీసేస్తే ఇంజన్ నడుస్తుంది, పడవ కదులుతుంది, కరెంటు మాత్రం పుట్టదు. పండగ సెలవులు. కొత్తది జనవరి 3కి గాని రాదన్నారు. బయట తెల్లటి పొగమంచు. పెద్ద బ్యాటరీ 58 శాతం, అంటే నాలుగు యూనిట్ల పైన కొంచెం. మామూలు వాడకానికి సరిగ్గా ఒక్క రోజు.

నాన్న నోట్‌బుక్ అడిగాడు. పడవని ఫీడర్లుగా విడగొట్టాడు: వంట ఫీడర్, ఆఫీసు ఫీడర్, దీపాల ఫీడర్, "నా ఫీడర్". ముప్ఫై ఏళ్ళు ఊళ్ళకి కోతలు పెట్టిన చేయి. వంట ఫీడర్ పూర్తిగా కట్, అత్యవసరానికని ఉంచుకున్న గ్యాసు పొయ్యి మీదికి మారాలి. ఆఫీసుకి పవర్ హాలిడే, నాకెలాగూ సెలవులే. ఫ్రిజ్ కట్, పాలూ కూరలూ ముందు డెక్ మీద డబ్బాలో పెట్టమన్నాడు, బయట ఫ్రిజ్ కంటే చల్లగా ఉంది. ఇన్వర్టర్ మొత్తం ఆపేయాలి. రౌటర్ రాత్రి పదికి కట్. మా ఆయన ఫిల్టర్ కాఫీ పాలు ఇండక్షన్ మీదే బాగా కాగుతాయని అర్జీ పెట్టుకున్నాడు. "వినియోగదారులు సహకరించాలి బాబూ" అని తోసిపుచ్చాడు.

కోతలన్నీ పోను మిగిలింది లెక్క చూస్తే రోజుకి 0.65 యూనిట్, అందులో సగం దాకా నాన్న మెషీనే. ఆ పొగమంచులో కూడా ప్యానెళ్ళు రోజుకి 0.4 ఇస్తున్నాయి. లోటు పావు యూనిట్. నేను కాగితం మీద భాగహారం రెండుసార్లు చేశాను. చేతిలో ఉన్న నాలుగు యూనిట్లతో రెండు వారాలు.

నాన్న ఆ అంకె కింద గీత గీసి, "ఇక పడుకోండి" అన్నాడు.

జనవరి 3న మెకానిక్ కొత్త ఆల్టర్నేటర్ బిగించే సమయానికి పెద్ద బ్యాటరీ 31 శాతం దగ్గర ఉంది. మంచం కింద చిన్న బ్యాటరీ ఆ వారం మొత్తంలో ఏ రాత్రీ 70 కిందికి పడలేదు. ఆ రోజు మధ్యాహ్నం వంట ఫీడర్‌కి సరఫరా పునరుద్ధరించారు, మా ఆయన వంకాయ కూర చేశాడు.

ప్యానెళ్ళు ఇంకా పెంచుతారా అని ఆ తర్వాత చాలామంది అడిగారు. కప్పు మీద చోటు లేదు, ఉన్నా పెంచను. డిసెంబరులో రెండు కిలోవాట్లు మూడైనా వచ్చేది ఇంకో అర యూనిట్, అంత ఆదా ఇన్వర్టర్ ఆపేస్తేనే వస్తుంది. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు ఇన్వర్టర్ ఆపేయడం అలవాటైంది. ఫ్రిజ్ 24 వోల్టులదే కాబట్టి దానికి ఇబ్బంది లేదు. రౌటర్‌ని కూడా డీసీ మీదికి మార్చాను. జనరేటర్ కొనమని మా ఆయన అంటాడు గాని, పడవలో పెట్రోలు డబ్బా పెట్టుకుని నిద్రపోవడం నావల్ల కాదు. దానికి బదులు అదే సైజు ఆల్టర్నేటర్ ఇంకోటి, బెల్టుతో సహా కొని ముందు గది బెంచీ కింద పెట్టాను. బిగించడం మెకానిక్ చేస్తుంటే వీడియో తీసుకున్నాను, నలభై నిమిషాల పని.

ఈసారి నాన్న టికెట్టు తమ్ముడే బుక్ చేశాడు, నవంబరు రెండో వారానికి. రోలు తెస్తానంటున్నాడు, సామాను బరువు ఒప్పుకోదని చెప్పి చూస్తున్నాం.